గాలం, విల్లు, కుందేలు జాడ: మీరడిగారు, చెబుతున్నా

పోయిన సంచికలో సుంకేసుల బ్యారేజి దిగువన గాలం వేయడం గురించి నాలుగు ముక్కలు రాశాను. దానికి వచ్చిన ఉత్తరాలు, వాట్సాప్ మెసేజ్‌లలో చేపల గురించి అడిగినవాళ్ళు కొందరే, మిగతా అందరికీ వేట సంగతే కావాలి. అన్నింటికీ జవాబు రాయడానికి చోటు చాలదు కాబట్టి ఒకే మాదిరి ప్రశ్నల్ని కలిపేశాను. పేర్లు వేయొద్దని కొందరు అడిగారు, అందుకే ఎవరివీ వేయలేదు.

"అన్నా, చిన్నప్పటి నుంచి వేట, చేపలు, బాణాలు అంటూ తిరిగానని రాశారు. అసలు ఎట్లా మొదలైంది? మా పిల్లోడికి పదకొండేళ్ళు, ఫోన్ వదలడు. వాడికి ఇవన్నీ నేర్పించాలని ఉంది గానీ వేటంటే కేసు కదా?" – ఒక పాఠకుడు, ఆదోని

మొదలు చేని కాపలాతోనే తమ్ముడూ. జొన్న పాలకంకి మీద ఉన్నప్పుడు తెల్లారకముందే నన్ను మంచె ఎక్కించేవాళ్ళు, చేతిలో వడిసెల. ఇప్పటి పిల్లలు చూసి ఉండరు కాబట్టి చెబుతున్నా. నారతో పేనిన రెండు పొడుగాటి తాళ్ళు, మధ్యలో రాయి పట్టేంత అల్లిక. ఒక తాడు కొసన ఉన్న ముడిని వేలికి తగిలించుకుని, రెండో కొసను బొటనవేలితో అదిమిపట్టి, తల మీద గిరగిరా తిప్పి ఆ రెండో కొసను వదలాలి. రాయి పిట్టకు తగలాలని ఏం లేదు, తాడు ఛెళ్ళుమనే చప్పుడుకే సగం పిట్టలు లేచిపోతాయి. ఎప్పుడు వదలాలో చేతికి తెలిసే లోపల రాయి మన వెనక్కే పోతుంది, పక్క చేనోళ్ళతో తిట్లు కూడా పడతాయి.

మా జేజినాయన కుక్కల్ని వెంటబెట్టుకుని కుందేళ్ళకు పోయేవాడు. మా పక్క పల్లెల్లో ఉగాది వచ్చిందంటే మగవాళ్ళంతా కట్టెలు, కుక్కలతో బయల్దేరే అలవాటు ఉండేది. నన్నూ తీసుకుపోయేవాడు గానీ కట్టె ఇచ్చేవాడు కాదు. "నేల చూడ్రా" అనేవాడు, అంతే. కుందేలు దూకుతూ పోయేటప్పుడు వెనక కాళ్ళు ముందు కాళ్ళను దాటి ముందుకు పడతాయి. కాబట్టి జాడలో ముందు కనపడే రెండు పెద్ద గుర్తులు వెనక కాళ్ళవి, వాటి వెనక ఒకదాని తర్వాత ఒకటిగా ఉండే చిన్నవి ముందు కాళ్ళవి. ఇది తెలియనోడు జాడను తిరగేసి చదివి, కుందేలు వచ్చిన దిక్కుకే పోతాడు. పగలు అది పొద కింద చిన్న గుంట చేసుకుని చెవులు వీపుకు ఆనించుకుని పడుకుంటుంది, వీపు రంగూ మట్టి రంగూ ఒకటే. నువ్వు దాని పక్కనుంచే నడిచిపోయినా కదలదు. నువ్వు ఆగావంటే మాత్రం తనను చూశావనుకుని లేస్తుంది. మా జేజినాయన అందుకే ఎప్పుడూ ఆగేవాడు కాదు, నడుస్తూనే ఓరకంట చూసేవాడు.

చట్టం సంగతి సూటిగా చెబుతా. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం ఇప్పుడు సరదాకైనా, కూరకైనా, పండగకైనా అడవి జంతువును వేటాడటం నేరమే. 2022లో ఆ చట్టాన్ని సవరించారు, ఆ సవరణ 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. అడవిలో కాదు, మా చేలోనే పట్టాం అంటే కుదరదు. చంపడమే వేట అనుకోవద్దు, ఉచ్చు పెట్టడం, వల వేయడం, తరమడం, ఎర వేసి పిలవడం, గూడు చెడగొట్టడం, గుడ్లు తీయడం, చివరికి వీటికి ప్రయత్నం చేసినా అది వేట కిందికే వస్తుంది. కృష్ణజింక లాంటి మొదటి షెడ్యూలు జంతువైతే, అంటే చట్టం ఎక్కువ రక్షణ ఇచ్చే జాబితాలోదైతే, తక్కువలో తక్కువ మూడేళ్ళు జైలు, ఏడేళ్ళ దాకా పోవచ్చు, జరిమానా 25 వేలకు తగ్గదు. కుందేలు, కౌజు పిట్ట చిన్నవే కదా అనుకునేవాళ్ళకు కూడా చెబుతున్నా, వాటికీ ఈ చట్టమే. ఆనవాయితీ అని వాదించి గెలిచినోడిని నేనైతే చూడలేదు.

నా దారి కూడా అట్లాగే మళ్ళింది. కట్టె చేతికొచ్చే వయసుకు ఊళ్ళో వేట తగ్గుతూ వచ్చింది, నేను తుంగభద్ర ఒడ్డుకు చేరాను. గాలం పట్టుకున్నాక తెలిసింది, జేజినాయన నేల మీద నేర్పిందంతా నీళ్ళ మీద కూడా పనికొస్తుందని. విల్లు చాలా ఆలస్యంగా వచ్చింది. ఉద్యోగం మీద ఆత్మకూరులో ఉన్నప్పుడు బైర్లూటి దారిలో ఒక చెంచు పెద్దాయన తన విల్లును మోకాలికి ఆనించి వంచి, రెండు వైపులా ఒకే తీరుగా వంగుతుందో లేదో కన్ను మూసి చూసుకోవడం చూశాను, అప్పుడు పట్టుకుంది నాకు ఆ పిచ్చి.

మీ పిల్లోడి విషయం. ముందు వాడిని తెల్లవారుజామున చేల గట్ల మీద నడిపించు, జాడలు చూపించు, ఇసుకలో తొండ పోయిన గీత, పాము పోయిన గీత తేడా అడుగు. వాడికి తెలియదు, నీకూ తెలియకపోవచ్చు, ఇద్దరూ కూర్చుని తేల్చుకోండి. తర్వాత గాలం. విల్లు ఆ తర్వాత. ఉండేలు మాత్రం కొనివ్వద్దు, దాంతో పిల్లలు కొట్టేది పిట్టల్నే. ఎయిర్‌గన్ కూడా వద్దు. లైసెన్సు అక్కర్లేని ఎయిర్‌గన్‌తో పిట్టను కొట్టినా కేసు కేసే.

"సార్, మా శెనక్కాయ చేను మొత్తం అడవి పందులు తవ్వి పోస్తున్నాయి. వేటగాళ్ళను పిలవమని కొందరు, కరెంటు తీగ పెట్టమని కొందరు అంటున్నారు. మీరేమంటారు?" – ఒక రైతు, కళ్యాణదుర్గం

కరెంటు తీగ మాట ఎత్తొద్దన్నా. రాత్రిపూట నీళ్ళు కట్టడానికి పోయిన మనుషులు, పక్క చేనోళ్ళు, ఎద్దులు ఆ తీగలకు పడి చచ్చిపోయిన వార్తలు మన జిల్లాల్లో ప్రతి ఏడూ చదువుతున్నాం. నాటు బాంబులదీ అదే కథ, పంది కొరికితే పందికి, ఆవు కొరికితే ఆవుకి, పిల్లోడు బంతి అనుకుని పట్టుకుంటే పిల్లోడికి.

చట్టంలోనే ఒక దారి ఉంది. పంటకు, ప్రాణానికి ముప్పుగా మారిన జంతువు విషయంలో 11వ సెక్షన్ కింద చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ గానీ, ఆయన అధికారం ఇచ్చిన ఆఫీసర్ గానీ కారణాలు రాసి, కాగితం మీద అనుమతి ఇవ్వచ్చు. నోటి మాట చెల్లదు. ఎవరో గార్డు 'కానీండి, మేం చూసుకుంటాం' అన్నాడని తుపాకీ వాళ్ళను పిలిస్తే రేపు కోర్టులో నిలబడేది నువ్వు, ఆయన కాదు. ఇంకో సంగతి, అనుమతితో చంపిన పంది కూడా ప్రభుత్వ ఆస్తే, కూరకు పనికిరాదు. మాంసం మీద ఆశతో 'ఉచితంగా కొట్టి పెడతాం' అని వచ్చే బ్యాచ్‌లు ఉంటాయి చూడు, వాళ్ళతో జాగ్రత్త.

పంట పోయినప్పుడు ఫోటోలు తీసి, అటవీ శాఖ రేంజి ఆఫీసులో వెంటనే అర్జీ పెట్టి, ఇచ్చినట్టు రసీదు తీసుకో. చుట్టుపక్కల రైతులు కలిసి పెడితే ఇంకా మేలు. పందులు ఎటు నుంచి దిగుతున్నాయో జాడ చూసుకుంటే రోజూ దాదాపు ఒకే దారి ఉంటుంది, వంక వెంబడో, కంప చెట్ల సందులోంచో. కాపలా మనిషిని చేను నడుమ కాకుండా ఆ దారి మొగదల పెట్టు. వడిసెల ఇప్పటికీ పని చేస్తుంది, పందికి కాకపోయినా నిద్ర రాకుండా నీకు.

"ఎంతసేపూ వేటగాళ్ళ తెలివి, వేటగాళ్ళ చూపు అని రాస్తారు. చివరికి అది చంపడమే కదా? దానికింత మర్యాద ఎందుకు?" – ఒక లెక్చరరు, కడప

అడగాల్సిన ప్రశ్నే అమ్మా. చంపడానికి మర్యాద ఇవ్వమని నేను అనను. కానీ మీ జిల్లాలోనే జరిగిన సంగతి ఒకటి ఉంది. కలివికోడి అనే పిట్ట 1900 తర్వాత ఎవరికీ కనపడలేదు, అంతరించిపోయిందనే రాసేశారు. బొంబాయి నాచురల్ హిస్టరీ సొసైటీ వాళ్ళు బొమ్మలు పట్టుకుని ఊరూరా తిరిగి అడిగితే, 1986 జనవరిలో రెడ్డిపల్లి దగ్గర దాన్ని రాత్రిపూట టార్చిలైటు వెలుగులో పట్టుకొచ్చింది ఒక స్థానిక వేటగాడు. అది పగలు పొదల్లో అణిగి ఉండి రాత్రి తిరిగే పిట్ట. పుస్తకాలు చదివినవాళ్ళకు అందనిది ఆయనకు తెలుసు. ఆ పిట్ట కొద్ది రోజులకే చనిపోయింది, అది కూడా దాచకుండా చెప్పాలి. దాని మూలంగానే శ్రీలంకమల్లేశ్వర అభయారణ్యం ఏర్పడింది, తెలుగుగంగ కాలువ దారిని కూడా మార్చారు. ఒక పిట్ట కోసం కాలువను జరిపిన జిల్లా మీది.

ఇక చెంచుల విషయం. 2006 అటవీ హక్కుల చట్టం వాళ్ళకు భూమి మీద, తేనె, చింతపండు లాంటి అటవీ ఫలసాయం మీద హక్కులిచ్చింది గానీ, అందులోనే సంప్రదాయ వేట హక్కును పేరుపెట్టి మినహాయించింది. ఎప్పటి నుంచో విల్లంబులతో బతికినవాళ్ళకు అది చిన్న సంగతి కాదు. అదే చెంచులు ఇప్పుడు నాగార్జునసాగర్–శ్రీశైలం పులుల అభయారణ్యంలో బేస్ క్యాంపుల్లో ఉండి అడవిని కాపలా కాస్తున్నారు, పులి అడుగు చూసి ఎన్నాళ్ళ కిందటిదో చెబుతున్నారు. అదే చూపు, జీతం ఇంకో పనికి. ఆ జీతం చాలదన్నది నా అభిప్రాయం, అది వేరే గొడవ.

అహోబిలంలో సంక్రాంతికి మొదలయ్యే పారువేట మీరు చూసే ఉంటారు. చెంచులక్ష్మిని పెళ్ళాడిన నరసింహస్వామి పల్లకీలో ఊరూరూ తిరుగుతాడు, వేట పేరుతో నలభై రోజుల పండగ. ఏ జంతువుకూ దెబ్బ తగలదు, ఊళ్ళకు మాత్రం దేవుడు ఇంటికొచ్చినంత సంబరం. ఆ రకం వేట ఎంత జరిగినా నాకు అభ్యంతరం లేదు, మీకూ ఉండదనుకుంటా.

"వెదురుతో విల్లు నేనే చేసుకోవాలని ఉంది. యూట్యూబ్ చూసి చేస్తే రెండూ విరిగిపోయాయి. మా చెల్లెలు పోటీలకు పోవాలంటోంది, దానికి ఈ విల్లు పనికొస్తుందా?" – ఒక పాఠకుడు, నంద్యాల

రెండూ లోపలి వైపు నుంచి కాకుండా బయటి వైపు నుంచే చీలి ఉంటాయి, పందెం. వెదురు బలమంతా పైతొక్క దగ్గరే ఉంటుంది, నార అక్కడ చిక్కగా ఉంటుంది. అందరూ అందం కోసం ఆ నున్నటి తొక్కనే కత్తితో గీకుతారు. దాన్ని తాకకూడదు. తొక్క గురి వైపుకు ఉండాలి, గీకడమంతా కడుపు వైపు, అంటే నీ వైపు. కణుపుల దగ్గర కూడా తొక్క మీద ఉబ్బును పూర్తిగా చదును చేయకు.

వెదురు కోసం నల్లమలకు పోవద్దు, అది పులుల అడవి. నంద్యాలలో తడికెలు, బుట్టలు అల్లే మేదరోళ్ళను అడిగితే నీకంటే బాగా చూసి ఇస్తారు. గోడ మందంగా ఉన్న ముదురు వెదురు కావాలి, పచ్చిది వద్దు. నీ ఎత్తుకు సరిపడా ముక్కను నిలువుగా చీల్చి, నీడలో బాగా ఆరనివ్వు. ఎండలో పెడితే పగుళ్ళొస్తాయి, మన ఎండ సంగతి చెప్పాలా. నడుమ పిడికిలి పట్టే చోట మందంగా ఉంచి రెండు కొసలకు పోయేకొద్దీ పలచన చేసుకుంటూ రా. ఒకేసారి గీకేయకు, కాస్త గీకు, వంచి చూడు, ఏ వైపు గట్టిగా ఉందో ఆ వైపు మళ్ళీ కాస్త. ఈ పనికే ఎక్కువ టైం పడుతుంది, తొందరపడి విరగ్గొట్టుకునేది కూడా ఇక్కడే. వంపు గోడ మీద నీడలో బాగా తెలుస్తుంది, నేను సాయంత్రం పూట లైటు ముందు పెట్టి చూసుకుంటా.

అల్లెతాడుకు గట్టి పాలిస్టర్ దారాలు కలిపి పేను, సాగే నైలాను వద్దు. పని అయిపోయాక తాడు ఒక కొస విప్పేయాలి, ఎక్కుపెట్టి మూలన పెడితే విల్లు ఆ వంపుకే అలవాటు పడి చచ్చుపడుతుంది. బాణం లేకుండా ఉత్తినే లాగి వదలడం అన్నింటికంటే చెడ్డది. బాణంలోకి పోవాల్సిన బలమంతా తిరిగి బద్దలోకే కొడుతుంది, మంచి విల్లు కూడా ఫట్టుమంటుంది. బాణానికి ఈకలు కోళ్ళ షాపులో దొరుకుతాయి, రెక్క ఈకలే తీసుకో, మూడూ ఒకే వైపు రెక్కవి అయ్యుండాలి. కుడివీ ఎడమవీ కలిపితే బాణం సరిగా తిరగదు. ఎడమ ముంజేతికి తోలు పట్టీ కట్టుకో, లేకపోతే తాడు చర్మం వలిచేస్తుంది. గురికి జొన్న చొప్ప మోపులు గట్టిగా కట్టి పెట్టుకుంటే చాలు, వాటి వెనక దారీ, పశువులూ లేకుండా చూసుకో. మొదట పది అడుగుల నుంచే.

మీ చెల్లెలి సంగతి. నువ్వు చేసిన విల్లు నేర్చుకోవడానికి బాగుంటుంది, పోటీకి తీసుకుపోవద్దు. మన దేశంలో ఇండియన్ రౌండ్ అని ఒక విభాగం ఉంది, అందులో వెదురు, చెక్క విల్లే, 30, 50 మీటర్ల దూరాలు. ఖర్చు తక్కువ, మొదలుపెట్టడానికి అదే సరైనది. ఒలింపిక్స్‌లో ఉండే రికర్వ్‌లో, అంటే కొసలు ముందుకు తిరిగిన విల్లుతో ఆడేదాంట్లో, దూరం 70 మీటర్లు, ఆ విల్లు, దాని సామాను ధర వింటే ఇంట్లో టెన్షన్ మొదలవుతుంది, కాబట్టి అది తర్వాత. విజయవాడ నుంచి వచ్చిన జ్యోతి సురేఖ 2023లో హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో కాంపౌండ్‌లో, అంటే కప్పీలున్న విల్లు విభాగంలో, మూడు బంగారు పతకాలు తెచ్చింది, బొమ్మదేవర ధీరజ్ పారిస్ ఒలింపిక్స్‌లో మిక్స్‌డ్ టీమ్‌లో నాలుగో స్థానం దాకా పోయాడు. ఇంత దగ్గర్లో ఇంత పెద్ద పేర్లుండగా మన వైపు ఊళ్ళల్లో ఒక మంచి విలువిద్య రేంజి కోసం వెతుక్కోవాల్సి రావడం నాకు మింగుడుపడదు.

వెదురు విల్లుతో ఎంత దూరం పోవచ్చో తెలియాలంటే లింబారామ్ గురించి చెప్పు మీ చెల్లెలికి. రాజస్థాన్ గిరిజన కుర్రాడు, ఊళ్ళో వెదురు విల్లుతో పిట్టల్ని కొట్టేవాడు. 1987లో ప్రతిభ వెతుకుతూ పోయినవాళ్ళ కంట పడి, మరుసటి ఏడే ఒలింపిక్స్‌కు పోయాడు, 1992లో ప్రపంచ రికార్డును సమం చేశాడు.

"కర్నూలులో ఉంటాను. ఆదివారం పిల్లలతో గాలం వేయాలంటే ఎక్కడ, ఎప్పుడు, ఏ ఎర? లైసెన్సు కావాలా?" – ఒక పాఠకురాలు, కర్నూలు

లైసెన్సు సంగతి ముందు. ఊరి చెరువుల్లో చాలావరకు మత్స్యకారుల సొసైటీకో, వేలం పాడినవాళ్ళకో ఇచ్చేసి ఉంటారు. అందులో చేప వాళ్ళదే, వాళ్ళు పిల్లలు వదిలి పెంచుకున్నది. అడగకుండా గాలం వేస్తే దొంగతనమే. అడిగితే నూటికి తొంభై మంది 'వేసుకోండమ్మా' అంటారు. రిజర్వాయర్లలో మత్స్య శాఖ లైసెన్సు తీసుకున్నవాళ్ళు ఉంటారు, అక్కడ కూడా ముందు కనుక్కోండి. జూలై, ఆగస్టుల్లో కొత్త నీళ్ళకు బొచ్చె, రాగండి ఎదురెక్కి గుడ్లు పెడతాయి, ఆ రెండు నెలలు మానుకుంటే మంచిది. మందు కలపడం, తోటాలు పేల్చడం 1897 చట్టం నాటి నుంచే నేరం, ఎవరైనా చేస్తుంటే పిల్లల్ని తీసుకుని అక్కడి నుంచి వచ్చేయండి.

పిల్లలకు నిలబడే చోటు ముఖ్యం, చేప తర్వాత. బ్యారేజి గేట్ల కింద, కాలువ తూముల దగ్గర వద్దు, నీళ్ళు ఎప్పుడు వదులుతారో తెలియదు. తుంగభద్ర తగ్గినప్పుడు మిగిలే మడుగుల పక్కన రాతి గట్టు చూసుకోండి. చిన్న కొక్కెం, బెండు, ఎరకు వానపాము లేదా గోధుమపిండి ముద్ద చాలు. పిండిలో కాస్త పసుపు కలిపితే చేప వస్తుందని కొందరంటారు, నాకైతే తేడా తెలియలేదు, చేతులు మాత్రం పచ్చబడతాయి. పరిగెలు, జిలేబీ చేపలు పడతాయి, పిల్లలకు అవి చాలు.

కొర్రమీను పడాలని ఉంటే ఒక్క సంగతి. నీళ్ళ మీద ఎర్రటి చిన్న పిల్లలు గుంపుగా కదులుతూ కనిపిస్తే వాటి కిందే తల్లీ తండ్రీ ఉంటాయి, కాపలా కాస్తూ. అప్పుడు గాలం వేస్తే దేన్నైనా కొట్టేస్తాయి, ఆకలితో కాదు, కోపంతో. పట్టడం సులభం, అందుకే పట్టకూడదు. అవి పోతే ఆ గుంపు సాయంత్రానికి మిగతా చేపల పాలు.

తెగిన దారం ముక్కలు ఒడ్డున వదిలేయొద్దు, కొంగల కాళ్ళకు చుట్టుకుంటాయి, జేబులో వేసుకుని ఇంటికి తెచ్చి పారేయండి. పొద్దున ఆరుకల్లా గాలం నీళ్ళలో ఉండాలి, ఎండ ముదిరాక చేప లోతుకు పోతుంది, ఇక ఇంటికొచ్చి టిఫిన్ తినడమే.